ఒక్క వాక్యంలో పోయిన అమ్మ

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. పోయిన కొత్తలో గుడివాడ చర్చిలో ఆదరణ కూడిక పెట్టినప్పుడు అందరూ లేచి సాక్ష్యం చెప్పారు. అమ్మ ప్రార్థన గురించి, అమ్మ ఓర్పు గురించి, చివరికి అమ్మ చేసే చేపల పులుసు గురించి కూడా. అన్నయ్య చాలాసేపు మాట్లాడి అందర్నీ ఏడిపించాడు. నా వంతు వస్తే తల అడ్డంగా ఊపాను. నాకేమీ అనిపించలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాను. అప్పట్నుంచి అన్నయ్య నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. ఆదివారం జరిగే ఏడాది కూడికలో కూడా లేవకపోతే బంధువుల ముందు తలెత్తుకోలేనని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

నేను బందరులో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. ఆ వారం పిల్లలచేత ఒక మాయల నవల చదివించాను. ఒక అమ్మాయి సముద్రం అడుగున ఉన్న రాజ్యానికి వెళ్లి, ఊరి మంచినీళ్లు దాచేసిన మంత్రగత్తెను ఓడించి తిరిగొస్తుంది. వచ్చేసరికి వాళ్లమ్మ పోయి ఉంటుంది. రచయిత ఆ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి విందు భోజనాల్లో పడతాడు.

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా రాసుకొచ్చి నా కుర్చీలో కూర్చుని చదవాలి, మిగతావాళ్లు ప్రశ్నలు వెయ్యాలి. ట్రైనింగులో నేర్పిన పద్ధతే. అక్కడ చెప్పనిదేమిటంటే, మా క్లాసులో సగం మంది చర్చికి వెళ్లే పిల్లలు. మొదట వచ్చిన మంత్రగత్తె కుర్చీ ముట్టుకోలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పేటట్టు చేతులు కట్టుకుని నిలబడి, అందరికీ వందనాలండి అని మొదలెట్టి, చేసిన తప్పులన్నీ ఒప్పేసుకుంది. రాక్షస మొసలీ అంతే. నలుగురయ్యేసరికి నవలలో దుర్మార్గులు మిగల్లేదు. నేను రాయమన్నది వాళ్ల తరఫున వాదన, మారుమనస్సు కాదర్రా అని మొత్తుకున్నాను. వింటేగా.

కూతురి పాత్ర ఎవరూ తీసుకోలేదు. అంతా పుస్తకంలోనే ఉంది కదా, కొత్తగా రాయడానికేముంది అన్నారు. మీరే చెయ్యండని పట్టుబట్టారు. బెల్లు కొట్టేదాకా పొద్దుపోతుందిలే అని కూర్చున్నాను.

అమ్మ పాత్ర రాసుకున్న పిల్ల మూడో బెంచీలోంచి లేచింది. వాళ్లది మంగినపూడి వైపు, చేపల వేటకు వెళ్లే కుటుంబం. సాక్ష్యాల అలవాటు లేదు. వందనాలు లేకుండా నేరుగా అడిగింది.

"నేను పోయానని తెలిశాక ఏడ్చావా?"

ఆ మాట నవలలో లేదు. ఏదో ఒకటి అల్లెయ్యొచ్చు. అల్లడం నేర్పేదాన్నే నేను.

"లేదు," అన్నాను. "ఏడుపు రాలేదు."

"మరి విందులో ఏం చేశావు?"

"అన్నం తిన్నాను. తినమన్నారు, తిన్నాను."

"తిన్నావుగా. చాల్లే," అని కూర్చుంది.

పిల్లలకు మార్కులు వేశాను. నా నటనకు వేసేవాళ్లెవరూ లేరు, అయినా అది నటన కాదు.

ఆదివారం గుడివాడలో మైకు నా దాకా వచ్చింది. లేచి నిలబడ్డాను. అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదని, ఇవాళ్టికీ రాలేదని, ఆ రోజు పప్పన్నం మారు వడ్డించుకుని తిన్నానని చెప్పాను. ఇంకేం తోచక కూర్చున్నాను. పాస్టరుగారు కాస్త తడబడి పాట నంబరు చెప్పారు. అన్నయ్య నావైపు చూడలేదు. కోపం వచ్చిందనుకున్నాను. అందరూ పాట అందుకున్నాక నా చెవి దగ్గరికి వంగాడు.

"నాకూ రాలేదు చెల్లాయ్. వాళ్లనైతే ఏడిపించాను గానీ."