పూలి టోప్లీ, బొజ్జయ్య మిషను

ఖమ్మంలో పాత ఇల్లు ఎక్కడ కూలుతున్నా పూలి అక్కడ హాజరు. ఎనభైల చివర్లో ఆ ఊరికి కాంప్లెక్సుల పిచ్చి పట్టింది. పెంకుటిళ్లు పడగొట్టడం, పునాదులు తవ్వడం, షట్టర్లు బిగించడం, వీధివీధికీ ఇదే సందడి. ముదిగొండ దగ్గరి తండా నుంచి వచ్చిన మట్టిపని ముఠాలో పూలి ఒకతె. తట్ట మోయడంలో ఎంత గట్టిదో నవ్వడంలో అంతకు రెండింతలు గట్టిది. ఆమె నవ్వు మొదలైతే మేస్త్రీ ఎంత అరిచినా పని ఆగిపోయేది.

అలాంటి మనిషికి బొజ్జయ్య తోడయ్యాడు. పాల్వంచ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, మిగతా వేళంతా రేడియోలు విప్పడం, అదీ ఆయన జీవితం. జల్లెడ చట్రానికి రాగితీగ చుట్టి, వెదురు కర్రకు కట్టి, పాత రేడియో పేగుల్ని సబ్బుపెట్టెలో కుక్కి ఒక మిషను చేశాడు. మామూలుగా అది గుయ్యిమంటూ ఉంటుంది. దగ్గర్లో లోహం ఉంటే కుయ్యోమని గొంతు చించుకుంటుంది. పాత ఇళ్ల కింద పూర్వీకులు దాచిన లంకెబిందెలుంటాయని బొజ్జయ్య నమ్మకం. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ఖమ్మం వచ్చేవాడు.

మొదటిరోజే మిషను పూలిని చూసి కేకలు పెట్టింది. పెట్టదా మరి! కాళ్లకు కడియాలు, రవికెకు బిళ్లలు, చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి టోప్లీలు.

"చెల్లె, తవ్వుడెందుకు, నిధి నా ముంగటే నిలబడ్డది!" అన్నాడు బొజ్జయ్య.

పూలి నవ్వీ నవ్వీ తట్ట మీదే కూలబడింది. తవ్వే చోట్లన్నీ తెలిసిన మనిషని అప్పటి నుంచి మిషను ఆమె చేతికే ఇచ్చాడు. ఆ పూటకు కడియాలు విప్పేది, రవిక మీద తువ్వాల కప్పుకునేది, వెదురు కర్ర ఇంకాస్త పొడవు చేయించింది. టోప్లీలు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. మొగుడు బతికున్న లంబాడీ ఆడది వాటిని తీయదు. తీసిందంటే మొగుడు పోయినట్టే లెక్క. పైగా అవి పూలి నాయనమ్మవి. పెళ్లినాడు తల్లి తన చేత్తో జుట్టుకు కట్టినవి.

మిషనుకు దొరికినవి మేకులు, గొళ్లాలు, ఒక ఇత్తడి చెంబు, ఒకసారి నిజాం కాలపు వెండి రూపాయి. ఆ రూపాయిని ఇంటాయనకే ఇచ్చేసి, ఆయన పోయించిన టీ తాగి, ఇద్దరూ మహారాజుల్లా తిరిగొచ్చారు.

ఒక శనివారం ఖిల్లా దగ్గర పునాదుల పని జరుగుతోంది. మధ్యాహ్నం కాంక్రీటు పోయాలి, సాయంత్రం అందరూ తండాకు పోవాలి. పూలి తట్ట దించి, నెత్తిమీది గుడ్డ చుట్టకుదురు గట్టుమీద పడేసి నీళ్లు తాగుతుంటే, ముఠాలో పెద్దదైన జమ్లి ఆమె ముఖం చూసి గుండెలు బాదుకుంది.

"ఓసి పిల్లా! నీ ఎడమ టోప్లీ ఏదే?"

పూలి చెంప తడుముకుంది. ఖాళీ. జన్మలో మొదటిసారి ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె మొగుడు రూప్‌సింగ్ ఆ పక్కనే గడ్డపారతో ఉన్నాడు. నిమిషం కిందటి దాకా ఎద్దులా తవ్వుతున్నవాడు, ఆ ఖాళీ చెంప చూడగానే గడ్డపార వదిలేశాడు. "నాకు కాళ్లల్ల సత్తువ పోయింది. గుండె దడదడ కొట్టుకుంటున్నది," అని నేలమీద కూలబడ్డాడు. జమ్లి అతన్ని వేపచెట్టు నీడకు నడిపించి, చేతికందిన గుడ్డ తలకింద పెట్టి పడుకోబెట్టింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి ముక్కులు చీదడం మొదలుపెట్టారు. బతికున్నవాడికి అంత మంచి ఏడుపు ఖమ్మంలో ఇంకెవరికీ దక్కి ఉండదు.

"కాంక్రీట్ల పూడిపోతే ఇంకేముంది! తండాకు ఏం మొఖంతో పోవాలె?" అంది పూలి.

ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన బొజ్జయ్య గోనెసంచి విప్పి మిషను బయటికి తీశాడు. పూలి కడియాలు తీసేసి మట్టికుప్ప మీద తిప్పింది, గుయ్యిమంది. గుంటలోకి దిగింది. అక్కడ అప్పటికే ఇనుప చువ్వలు అల్లి ఉన్నాయి. మిషను ఎక్కడ పెట్టినా కుయ్యోమంటోంది. అవతల మిక్సరు తిరగడం మొదలైంది.

"అన్నా, ఇది అంతటా ఉన్నదంటున్నది!"

"ఇనుము కదనే చెల్లె, అదేం జేస్తది!" బొజ్జయ్య జుట్టు పీక్కున్నాడు.

గుంటలోంచి పైకొచ్చిన పూలి మొగుడి పక్కన చతికిలబడింది. కర్ర పక్కకు వాలింది. చట్రం రూప్‌సింగ్ తల దగ్గర ఆనగానే మిషను కుయ్యోమని గావుకేక పెట్టింది.

"నీ చెవుల పోగులు తియ్యి," అన్నాడు బొజ్జయ్య. రూప్‌సింగ్ తీశాడు. కుయ్యోమంది. చేతి కడియం తీయించారు, మెళ్లో తాయెత్తు తీయించారు. కుయ్యోమంది.

"నీ తలకాయల ఏమున్నదయా!" బొజ్జయ్య నోరు తెరిచాడు.

"నేను సచ్చుడు ఖాయం. ప్రాణం పొయ్యేటప్పుడు గిట్లనే కూస్తదేమో," అన్నాడు రూప్‌సింగ్ నీరసంగా.

పూలి అతని తల ఒక్క తోపు తోసి, కింది గుడ్డ లాగింది. అది తన చుట్టకుదురే. దులిపేసరికి మడతలోంచి టోప్లీ జారి ఒళ్లో పడింది. తట్ట దించినప్పుడు దాని అంచు గుడ్డకు తగులుకుని, ముడి జారి ఊడొచ్చింది. దాన్నే తలగడగా పెట్టుకుని మొగుడు చావడానికి సిద్ధమయ్యాడు!

రూప్‌సింగ్ ఎగిరి లేచాడు. సత్తువ, గుండె, కాళ్లు అన్నీ ఒకేసారి తిరిగొచ్చాయి. జమ్లి ఏడుపును మధ్యలో ఆపలేక అలాగే పాటలోకి మళ్లించింది. ఆడవాళ్లు మట్టికుప్ప చుట్టూ అడుగులేశారు, మిక్సరు దగ్గరి వాళ్లు ఈలలేశారు, బొజ్జయ్య మిషనెత్తి చిందులేశాడు. అది ఆడవాళ్లందరి సొమ్ములకూ కుయ్యో కుయ్యో అని తాళం వేసింది.

పూలి నవ్వుతూనే టోప్లీ కట్టుకోబోయింది. ఎంత కట్టినా ముడి పడలేదు. నవ్వు మధ్యలో బొటబొటా ఏడ్చేసింది.

"ఇటియ్యి," అన్నాడు రూప్‌సింగ్. పదిమందిలో పెళ్లాం జుట్టు ముట్టనివాడు, మట్టివేళ్లతో ఆ టోప్లీ తనే కట్టాడు. అది చెవి దాకా జారి, వంకరగా వేలాడింది.

"సక్కగ చేస్త, ఆగే," అని జమ్లి చెయ్యి చాపింది.

"వద్దత్తా, గట్లనే ఉండనీ," అంది పూలి. ఆ సాయంత్రం తండాలోకి ఆ వంకర టోప్లీతోనే నడిచింది.