కుండీల చప్పుడు

గట్టయ్య ముప్పయ్యొక్క ఏళ్లు బొగ్గుగనిలో పనిచేశాడు. బొగ్గు తీసినచోట పైకప్పును ఇనుపకడ్డీతో కొట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పడం ఆయన పని. ఆ తేడా చెవికి పట్టుబడడానికి ఆరేళ్లు పట్టింది.

రిటైరైన ఏడాదికి గోదావరిఖనిలోని వాళ్ల కాలనీ బడి నుంచి సంధ్యారాణి టీచర్ కబురు పంపింది. బడి డాబా మీద పిల్లల చేత మట్టికుండీల్లో టమాట, వంకాయ పెంచిస్తోంది. సగం మొక్కలు వాడిపోయాయి, పెరట్లో కూరగాయలు పెంచే గట్టయ్యను వచ్చి చూడమంది.

"రోజూ నీళ్లు పోస్తనే ఉన్నరు, కాకా. అయినా చస్తున్నయి," అందామె.

గట్టయ్య వంగి వేలి కణుపుతో ఒక కుండీని కొట్టాడు. మొద్దుగా పలికింది. పక్కదీ అంతే.

"పోస్తున్నరు కాబట్టే చస్తున్నయి బిడ్డా. వేర్లు కుళ్లినయి."

ఆ రోజు నుంచి, మగ్గు పట్టుకునే ముందు కుండీని కొట్టి వినడం పిల్లలకు నేర్పాడు. ఎండితే ఖంగుమంటుంది, తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. అనుమానమొస్తే మట్టిలోకి వేలు దింపి చూడాలి. మొదట పిల్లలు నవ్వారు. పదిరోజులు గడిచేసరికి ముప్పైమంది మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి వింటున్నారు.

వాళ్లలో జోయా ఒకతి. మెకానిక్ మన్సూర్ కూతురు, నాలుగో తరగతి. ఒక పొద్దున గట్టయ్య ఆమెను కళ్లు మూసుకుని చెప్పమన్నాడు. ఆ పిల్ల తడుముకుంటూ ఒక్కొక్క కుండీనే కొట్టి, "దీనికి వద్దు, దీనికి కావాలె," అంటూ పోయింది. వెనకాలే ఆయన వేలు దింపి చూశాడు. ఒక్కటీ తప్పలేదు. పన్నెండోదాని దగ్గర జోయా ఆగింది. మళ్లీ కొట్టింది.

"తాత, దీనికేదో అయింది. గరగరమంటుంది."

ఆయనా కొట్టాడు. ఏ తేడా తెలియలేదు.

"మంచిగనే ఉన్నది కద బిడ్డా?"

"లేదు తాత."

ఆయన కుండీని ఒరిగించి చూశాడు. అడుగున వెంట్రుకంత పగులు.

గట్టయ్య అక్కడే కూర్చుండిపోయాడు. గనిలో సదయ్య అనే పెద్దాయన ఇట్లా వినేవాడు. అందరూ బాగుందన్న పైకప్పు కింద నుంచి ఒకసారి మనుషులను వెనక్కి రప్పించాడు. గంటలోపే అది కూలింది. అలాంటి చెవి మళ్లీ ఎదురవుతుందని, అదీ ఎండలో టమాట మొక్కల నడుమ, గట్టయ్య ఎన్నడూ అనుకోలేదు.

"ఎట్ల తెలిసింది బిడ్డా నీకు?"

"నువ్వే గద చెప్పినవు, జల్ది చెయ్యకుండ వినమని."

ఆ చలికాలం బడి పప్పులోకి డాబా మీది టమాటలే వచ్చాయి. రోజూ జోయా ముందు నడుస్తుంది, మిగతా పిల్లలు ఆమె చెప్పినదానికే నీళ్లు పోస్తారు. గట్టయ్య ఆమె పక్కన వంగి, "మల్లొక్కసారి కొట్టు," అని అడిగి వింటాడు.