పర్వాలేదు అంటే సున్నా కాదు

బుధవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు నా ఎడమచేతిలో చప్పుడు ఆగిపోయింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం పారుతున్నంతసేపూ అది సన్నగా గుయ్‌మంటుంది. రోజూ లేవగానే చేతిని చెవికి ఆనించి, విన్న వేళ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఆరేళ్ల రెండు నెలల తొమ్మిది రోజులు రాశాను. ఆ రోజు మాత్రం "లేదు" అని రాశాను.

మళ్లీ కుట్టడానికి నా నాళాలు పనికిరావన్నారు. మెడ కుడిపక్క నుంచి గొట్టం వేశారు. అది తడవకూడదు, చీము పట్టకూడదు.

నల్లగండ్లలో మా డయాలసిస్ సెంటరుకు మాదాపూర్ నుంచి ఒక చిన్న కంపెనీ వాళ్లు వచ్చింది అప్పుడే. మోచేతికి పైన చర్మం కింద అమర్చే పరికరం తయారుచేస్తున్నారట. ఇక సూది ప్రతిసారీ నాళంలోకి కాక దానిలోకే దిగుతుంది. లోపల పెట్టే ముందు అది ఎక్కడ ఒత్తుకుంటుందో చూడాలని, అదే ఆకారంలో చేసిన నమూనాను ముప్ఫై రోజులు చేతికి కట్టుకోమన్నారు. ఆరుగురం ఒప్పుకున్నాం. అనుమతి వచ్చాక మొదట పరికరం పెట్టే పన్నెండు మందిలో నాది నాలుగో పేరు. షరతు ఒకటే: అప్పటికి డెబ్బై ఐదేళ్లు నిండకూడదు.

నా పక్క మంచం ఆవిడ హఫీజ్‌పేట్‌లో బ్లౌజులు కుడుతుంది. ఆవిడ ఫిస్టులా కూడా మూసుకుపోతోంది. ఆవిడా నమూనా కట్టుకుంది, పన్నెండు మందిలో మాత్రం ఆవిడ పేరు లేదు. రోజూ సాయంత్రం కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి నొప్పి ఉందా అని అడిగేది.

"ఏమని చెప్పావు?" అన్నాను ఒకరోజు.

"ఏమంట పెద్దమ్మా? పర్వాలేదన్న. పాపం గా పిల్ల ఊకె పరేషాన్ అయితది."

"బట్ట జరుపుతుంటే అంచు గుచ్చుకుంటోందన్నావుగా?"

"గుచ్చుకుంటది. అయితే ఏంది, చచ్చిపోతమా?"

ముప్ఫై రోజులూ అయ్యాక మమ్మల్ని మాదాపూర్ ఆఫీసుకు పిలిచారు. అక్కడ పెద్దాయన నలభై దాటని మనిషి. గోడ మీద పట్టిక చూపించి, "డేటా చాలా క్లీన్‌గా ఉందండి. ఈ పట్టిక సరైనదేనని మీరు సంతకాలు పెడితే ఈ రోజే డిజైన్ ఫ్రీజ్ చేస్తాం, ఇక మార్పులుండవు" అన్నాడు. ఐదు వరుసలు, నిండా సున్నాలు. ఆరోది లేదు.

"నా వరుస ఏది?"

"మీదొక్కటే తేడాగా ఉంది ఆంటీ. పక్కన పెట్టాం."

నేను ఫోన్‌లో పదిహేడు రోజుల నొప్పి వేళలతో సహా చెప్పి ఉన్నాను. "ఆ సున్నాలు ఎవరు వేశారు?" అన్నాను.

"పర్వాలేదన్నారు కదా మేడమ్. అంటే నో పెయిన్" అంది ఫోన్ చేసే అమ్మాయి.

ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో సర్వే ఫారాలు సరిచూశాను. "పర్వాలేదు" అని రాసుకొచ్చిన ఫారం ఏదీ నా బల్ల దాటి పోలేదు. మళ్లీ అడిగి రమ్మని వెనక్కి పంపాను.

"నేను సంతకం పెట్టను" అన్నాను.

"ఆకారం మారిస్తే అనుమతి మళ్లీ మొదటికొస్తుంది ఆంటీ. ఐదు నెలలు. మీకు వయసు దాటిపోతుంది, తెలుసా?"

"తెలుసు. ఇరవై రోజులు దాటుతుంది. నన్ను ఆంటీ అనకండి. మీ అమ్మగారు ఎక్కడుంటారు?"

"మాతోనే."

"ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడగండి. స్పీకర్ పెట్టండి."

నవ్వుతూనే చేశాడు. "అమ్మా, ఎలా ఉన్నావ్?"

"పర్వాలేదురా. ఏంటి, ఈ వేళప్పుడు?"

"ఎక్కడ నొప్పి అని అడగండి" అన్నాను. అడిగాడు.

"కుడి మోకాలు. మూడు రోజులుగా ముడవట్లేదు. పొద్దున నువ్వు టిఫిన్ తింటుంటే గోడ పట్టుకునే నిలబడ్డాగా, చూళ్లేదూ?"

అతను ఫోన్ పెట్టేశాడు. నేను పక్కావిడ జాకెట్టు చెయ్యి పైకి తీయించాను. నమూనా అంచు ఆనినంత మేరా నల్లగా కమిలి ఉంది.

"ఏం గాదు సార్, పర్వాలేదు" అందావిడ, అలవాటు కొద్దీ.

ఆ రోజు ఎవరూ సంతకం పెట్టలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేస్తుంటే అని అందరినీ మళ్లీ అడిగారు. అంచులు గుండ్రంగా చేశారు. అనుమతి రావడానికి ఐదు నెలల ఆరు రోజులు పట్టింది. నా చోట హఫీజ్‌పేట్ ఆవిడ పేరు రాశారు. ఆ మాట చెప్పడానికి కంపెనీ పెద్దాయనే సెంటరుకు వచ్చాడు. "సారీ మేడమ్" అన్నాడు.

"మీ అమ్మగారి మోకాలు?" అన్నాను.

"ఎక్స్‌రే తీయించానండి."

పోయినవి: ఎడమచేతి చప్పుడు. చీము పట్టి తీసేసిన మెడ గొట్టం ఒకటి. ఇప్పుడున్నది రెండోది, ఎడమపక్క. ఇప్పటికి పదమూడు నెలల తలస్నానాలు. జాబితాలో నాలుగో పేరు.