కుప్పయ్య పెట్టిన పరీక్ష

పరీక్ష పెట్టకుండా కుప్పయ్య ఏ వస్తువూ కొనడు. అగ్గిపెట్టె కొంటే అంగట్లోనే ఒక పుల్ల గీసి చూస్తాడు. గొడుగు కావాలంటే వాన పడేదాకా ఆగి, అంగడి ముందు నిలబడి నాలుగు గొడుగులు మార్చి మార్చి తడుస్తాడు. ఒకసారి నవారు మంచం బేరానికి వెళ్ళి, దాని మీద పడుకుని నిజంగానే గుర్రుపెట్టాడు. అంగడివాడు భోజనానికి తలుపు మూయలేక, ఆకలితో నకనకలాడుతూ కాపలా కూర్చున్నాడు.

ఈ జబ్బు ఆయనకు చిత్తూరు బెల్లం మండీలో అంటుకుంది. ముప్ఫై ఏళ్ళు అక్కడ బెల్లం విరిచి నాలుక మీద వేసుకుని ధర చెప్పేవాడు. పని మానుకుని చంద్రగిరి చేరాక మోపెడ్ మీద మనసు పడింది. దానికోసం చీటీ కడుతూ, తిరుపతి షోరూముకు పదకొండుసార్లు వెళ్ళి నడిపి చూశాడు. పన్నెండోసారి ఆయన గుమ్మంలో కనబడగానే అమ్మేవాళ్ళందరూ ఒక్కుమ్మడిగా టీకి పోయారు.

అలాంటి మనిషి పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో ఒక సోమవారం షఫీవుల్లా అంగట్లో అడుగుపెట్టాడు. షఫీవుల్లా తిరుపతిలో ఆసుపత్రి పక్క వీధిలో చెవి మిషన్లు అమ్ముతాడు. పాపం, వచ్చింది ఎవరో అతనికేం తెలుసు?

"ఎవరికన్నా మిషను?"

"మా ఇంటామెకప్పా, వరలక్ష్మమ్మకు. రెండేండ్లుగా చెవులు మందం. ఒకటి అడిగితే ఇంకోటి చెప్తాది. జనం నవ్వుతారని పేరంటాలకు పొయ్యేది మానేసింది. గడప దాటదు." చెబుతుంటే ఆయన గొంతు కాస్త తగ్గింది. డాక్టరు రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఆమెను పిల్చుకోని రాన్నా, పెట్టి సూద్దాం."

"ఆమెకు పరీక్ష డాక్టరు పెట్టేసినాడు. మిషనుకు నేను పెడతా."

అని జేబులో పెట్టుకునే డబ్బీ మిషను ఒకటి తీసుకుని, దాని తీగను తన చెవికే తగిలించుకున్నాడు. శుభ్రంగా వినపడే చెవి! మీట పూర్తిగా తిప్పాడు. అదే క్షణంలో వీధిలో బస్సు హారన్ మోగింది. కుప్పయ్య ఎగిరి గంతేశాడు.

"ఓరి నీ! బస్సు నా బుర్రలోనించే పొయ్యింది గదరా!"

వారం రోజుల పరీక్షకని అడ్వాన్సు కట్టి డబ్బీ పట్టుకుపోయాడు. "లోపలుండే బ్యాటరీ సెల్లు పది దినాలొస్తాది, అయిపోతే వచ్చి కొనుక్కోన్నా" అని షఫీవుల్లా చెప్పి పంపాడు.

మరుసటి సోమవారం డబ్బీ తిరిగొచ్చింది. "గాలి తోలితే బరబరమంటాది." ఇంకోటిచ్చాడు. దానికింకో వంక. "పకోడీలు ఏగేది ఇనపడతాది, ధర చెప్తే ఇనపడదు." మూడోదాని తీగ మెడకు గీసుకుంటుందట. ఇలా నాలుగు నెలల్లో ఏడు మిషన్లు మారాయి. అన్ని నెలల్లో ఒక్క సెల్లూ కొనలేదు. ఎక్కడో చవగ్గా కొంటున్నట్టుంది పిసినారి, అనుకున్నాడు షఫీవుల్లా.

చంద్రగిరిలోనేమో కుప్పయ్యకు చెవుడొచ్చిందని టాంటాం అయిపోయింది. పిల్లలు "మిషను తాతా!" అని వెంటపడ్డారు. బస్సు కండక్టరు "టిక్కెట్టూ!" అని చెవిలో అరిచాడు. వినపడదులే అనుకుని కొందరు ఎదుటే తిట్టుకున్నారు. ఆయన అన్నీ విని, మీట తిప్పుకుంటూ పోయేవాడు.

షఫీవుల్లాకు కోపం రోజురోజుకూ పెరిగింది. మిషన్లు అరిగిపోతున్నాయని కాదు. తన తల్లి సుభాన్‌బీ కూడా చివరి రోజుల్లో ఎవరి మాటా వినపడక ఒక మూల కూర్చుండిపోయింది. అక్కడ ఆ ఆడమనిషీ అలాగే కూర్చుని ఉంటే, ఈయన పకోడీల వెంట తిరగడమేమిటి! ఒక శుక్రవారం నమాజు కాగానే, అంగట్లోకెల్లా మంచి మిషను, చెవి వెనక దాగిపోయే చిన్నది సంచిలో వేసుకుని చంద్రగిరి బస్సెక్కాడు. డబ్బులు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమె చెవికి పెట్టేసి రావాలనుకున్నాడు.

కుప్పయ్య ఇంట్లో లేడు. వరలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. షఫీవుల్లా ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగేశాడు.

"ఇన్ని నెలలు ఈ పరీక్షేందమ్మా? నీకు పెట్టకుండా ఆయన పెట్టుకోని తిరిగేదేంది?"

ఆమె నవ్వింది. "తప్పు నాదే నాయనా. అది పెట్టుకుంటే ఊరంతా నన్ను చెవిటిదంటాది, సచ్చినా పెట్టుకోనన్న్యా. ఆయప్పేమో తానే పెట్టుకోని బజారుకు పొయ్యినాడు. మొదట్లో పిల్లోళ్ళు తోక మాదిరి వెంటబడిరి. నెల దినాలకు సగమైరి. ఇప్పుడు కుక్క గూడా సూడదు. నవ్వేటోళ్ళంతా ఆయన మీద నవ్వి నవ్వి అలిసిపొయ్యినారు. ఇంక నేను పెట్టుకుంటా అని నిన్ననే చెప్పినా."

షఫీవుల్లా మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఏమైపోయాయో తెలియలేదు.

అంతలో కుప్పయ్య వచ్చాడు. చెవిలో తీగ, చేతిలో నోట్ల కట్ట. మోపెడ్ కోసం కట్టిన చీటీ పాడుకుని వస్తున్నాడని వరలక్ష్మమ్మ చెప్పింది. చిన్న మిషను ధర తొమ్మిది వేలంటే, బేరమాడకుండా లెక్కపెట్టి ఇచ్చేశాడు.

"పరీక్ష పెట్టవా అన్నా?"

"ఆమె పెడతాదిలే."

"ఇది మోపెడ్ చీటీ డబ్బు గదా?"

"పదకొండుసార్లు పరీక్ష పెట్టినాను గదప్పా, అది తప్పింది."

షఫీవుల్లా మిషను ఆమె చెవికి అమర్చి, మెల్లగా మీట తిప్పాడు. రెండేళ్ళ అలవాటు కొద్దీ కుప్పయ్య గొంతు చించుకున్నాడు.

"మే! ఇనపడతాందా?"

"అబ్బ! ఏల అట్ల అరుస్తావు? నేనేమన్నా చెవిటిదాన్నా?"

అని కొత్త చీర కట్టుకుని, బజారుకు పోదాం పదండంది. ముగ్గురూ బయల్దేరారు. అరుగుల మీది ఆడవాళ్ళు "ఏం వరలక్ష్మక్కా, శానా దినాలైందే!" అన్నారు గాని, ఆమె చెవి వంక ఎవరూ చూడలేదు. ఆమె ముందు నడిచింది. వెనక కుప్పయ్య జేబులో డబ్బీ, చెవిలో తీగ ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇంక అదెందుకన్నా, ఇచ్చెయ్యి" అని షఫీవుల్లా డబ్బీ తీసుకుని, మూత తెరిచి నోరెళ్ళబెట్టాడు. "సెల్లేది?"

"మెల్లగా మాట్లాడప్పా" అని కుప్పయ్య గుసగుసలాడాడు. "మొదటి దినమే తీసేసినా. ఏడింట్లోనూ తీసేసినా, నీకు తిరిగిచ్చేటప్పుడు మళ్ళా ఏసినా."

"మరి ఆ గాలి మోత? ఆ పకోడీలు?"

"అవన్నీ ఉత్త వంకలే. నా చెవులు బాగుండాయి గదా. సెల్లు దండగ."

ముందు నడుస్తున్న వరలక్ష్మమ్మ వెనక్కి తిరిగింది.

"నాకంతా ఇనపడతాంది. గుసగుసలు సాలు, నడవండి ఇద్దరూ!"