ఇసుకలోకి దిగిన అధ్యక్షుడు

మొన్న మా చిన్నమ్మాయి ఫోనులో ఒక చిన్న పుస్తకం పంపింది. తను ఓడల మీద ఇంజనీరు. ఓడల్లో పనిచేసేవాళ్లు లాభాపేక్ష లేకుండా నడుపుకునే వృత్తి సంఘం ఒకటుందట, దాన్ని ఎలా నడపాలో చెప్పే సూత్రాలను తిరగరాస్తూ సభ్యుల అభిప్రాయాలు అడిగారట, నువ్వూ ఒకప్పుడు సంఘం నడిపినవాడివే కదా, చూసి చెప్పమని రాసింది. కొత్తగూడెంలో మా ఇంటి వరండాలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. సభ్యుడికి సొంత సంబంధం ఉన్న విషయం చర్చకు వస్తే అతను ఆ చర్చ నుంచి తప్పుకోవాలి అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమైందోనని మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు, దీన్ని మేము గోదావరి మధ్యలో చేసేవాళ్లమని చెప్పాను. నా ధోరణి ఆమెకు అలవాటే కనుక మారుమాట లేకుండా వెనక్కి వెళ్లిపోయింది.

మీరు మాత్రం కాస్త ఆగండి. నా ఈడువాళ్లలో భద్రాచలం రేవులో లాంచీ ఎక్కి కూనవరం దాకానో, పాపికొండల దాకానో వెళ్లినవాళ్లు తప్పకుండా ఉంటారు. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో చింతపండు గంపలు, పెళ్లివాళ్లు, బడిపంతుళ్లు, మేకలు, దవాఖానాకు వెళ్లే బాలింతలు, అందరూ ఆ లాంచీలోనే. దాన్ని నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఏ మలుపులో నీటి కింద బండ ఉందో, నిన్నటి ఇసుక మేట ఇవాళ ఎక్కడికి జరిగిందో నీటి రంగు చూసి చెప్పేవాడే సరంగు. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు, నన్నూ అందులోనే పెట్టాలని ఆయన ఆశ. నాకేమో భూమి లోపలికి దిగాలంటే ఊపిరాడేది కాదు, అందుకని మా మేనమామ దగ్గరికి పారిపోయి నేనూ సరంగునయ్యాను.

ఆ మేనమామే మా సరంగుల సంఘాన్ని పెట్టినవాడు. ఒక ఏడు ఒక లాంచీ యజమాని తన బామ్మర్దికి పని రాకపోయినా లాంచీ అప్పగించాడు, అతను తీసుకెళ్లి నిండు జనంతో ఉన్న లాంచీని బండకెక్కించాడు. ప్రాణాలు పోలేదు గానీ, ఆ రోజు పిల్లల ఏడుపులు విన్న మా మామయ్య నెల తిరక్కుండా సరంగులందరినీ ఒకచోట చేర్చాడు. అది జీతాలు పెంచమని అడిగే సంఘం కాదు, ఎవరికీ దమ్మిడీ లాభం లేదు. పని వచ్చినవాడే చుక్కాని పట్టుకోవాలి, అంతే దాని ఉద్దేశం. ఏటా వరదల ఎర్రనీరు రాకముందే ప్రతి సరంగూ తోటి సరంగుల ముందు లాంచీ నడిపి చూపించాలి, వాళ్లు సరేనంటేనే వానాకాలం లాంచీ ఎక్కాలి. మొదట్లో యజమానులు వెటకారం చేశారు, తర్వాత జనం సంఘం ఒప్పుకున్న సరంగు లాంచీయే ఎక్కుతామనడంతో వాళ్లే దారికొచ్చారు.

ఇంతకీ అసలు సంగతి మా సమావేశాలు జరిగే తీరు. మాకు ఆఫీసు లేదు, కిరాయికి గది తీసుకునే స్తోమతా లేదు. ఎండాకాలం నది మధ్యలో ఇసుక తిన్నెలు బయటపడతాయి కదా, ఒక లాంచీని తిన్నె పక్కన లంగరు వేసి అందులో కూర్చునేవాళ్లం. ఎవరి సంగతి చర్చకు వస్తే వాళ్లు లాంచీకీ తిన్నెకీ మధ్య వేసిన చెక్క పలక మీదుగా ఇసుకలోకి దిగిపోవాలి. వాళ్ల చుట్టాలూ దిగాలి. పలక లోపలికి లాగేసి, తేల్చుకున్నాక మళ్లీ వేసేవాళ్లం. ఆ ఎండలో నెత్తిన తువ్వాలు కప్పుకుని, లోపల ఏమనుకుంటున్నారోనని మెడలు సాచి చూస్తూ నిలబడినవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నా దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు, మామయ్య అధ్యక్షుడు. అధ్యక్షుడు రెండేళ్లకు మించి ఉండకూడదన్న నియమమూ ఆయన పెట్టిందే, ఒక విడత దిగిపోయి మళ్లీ ఎన్నికై ఉన్నాడప్పుడు.

ఆ ఏటి సమావేశం ముగియబోతుండగా కూనవరం లాంచీ సరంగు లేచి నిలబడ్డాడు. కోయ గూడెం నుంచి వచ్చిన మొదటి సరంగు అతను, మామయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు, మామయ్యంటే ప్రాణం పెడతాడు. పెద్ద సరంగుకి, అంటే మా మామయ్యకి, రెండేళ్లుగా పరీక్ష జరగలేదని మెల్లగా అన్నాడు. నిజమే. నేర్పిన గురువును పరీక్షించడమేమిటని సిగ్గుపడి, ఆయన పేరు వచ్చినప్పుడల్లా అందరం కూడబలుక్కున్నట్టు ముందుకు వెళ్లిపోయాం. మిగిలినవాళ్లకు తెలియనిది నాకు ఇంకొకటి తెలుసు. మామయ్య కుడి ఒడ్డును చూడాలంటే తల మొత్తం తిప్పుతున్నాడు.

దిగమని చెప్పాల్సింది కార్యదర్శినైన నేనే. సమావేశాల సంగతులు రాసే సంఘం పుస్తకంలో పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి ఆయనే లేచి, కండువా దులుపుకుని, పలక మీదుగా దిగాడు. దిగి, వెనక్కి తిరిగి చూసి, "నువ్వేంది కూసున్నవ్? నా మేనల్లుడివి గాదా? దిగు" అన్నాడు. లాంచీలో అందరూ గొల్లున నవ్వారు. పుస్తకం పక్కవాడి చేతిలో పెట్టి నేనూ దిగాను.

ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. ఆయన నీళ్లకేసి చూస్తూనే, "కుడి కన్ను ఆనుతలేదురా, రెండేండ్ల సంది. నీకెర్కనా?" అని అడిగాడు.

"అవ్ మామా."

"మరెందుకు చెప్పలే?"

అంతలో పలక పడింది. పరీక్ష ఇప్పుడే, చుట్టం గనుక కార్యదర్శి తిన్నె మీదే ఉండాలని కేకేసి చెప్పారు. మామయ్య చెప్పులు నా దగ్గర వదిలి, పడుచువాడిలా పలక ఎక్కి వెళ్లిపోయాడు.

అబ్బ, ఆ రోజు ఆయన లాంచీ నడిపిన తీరు చూడాలి! ఎదురు ప్రవాహంలోకి ఎక్కించి, బండల సందులోంచి జానెడు తేడా రాకుండా తీసి, మేట అంచునే ఒరుసుకుంటూ వెళుతుంటే లాంచీలో ఈలలు, చప్పట్లు. నేను ఇసుకలో ఒక్కణ్ణే గంతులు వేస్తున్నాను. ఒక కంటితోనే ఇంత నడిపే మనిషికి ఇంకేం పరీక్ష అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పై మలుపులోంచి వెదురు తెప్ప ఒకటి వచ్చింది, దాని మీద ఇద్దరు మనుషులు. అది లాంచీకి కుడి పక్కన వస్తోంది. మామయ్య తల తిప్పలేదు. నేను అరుస్తూ ఇసుక వెంట పరుగెత్తాను, ఇంజను మోతలో ఎవరికి వినపడుతుంది? తెప్ప మీది మనుషులు లేచి చేతులు ఊపుతున్నారు. చివరి నిమిషంలో కూనవరం సరంగు చెయ్యి చాచి చుక్కాని చక్రాన్ని గిర్రున తిప్పాడు. తెప్ప లాంచీ పక్కనుంచి రాసుకుంటూ పోయింది.

లాంచీ తిన్నె దగ్గరికి వెనక్కి వచ్చింది. కూనవరం సరంగు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మామయ్యే నన్ను పైకి పిలిచి, పుస్తకం తెరిపించి, తన పేరు ఎదురుగా పనికిరాడని రాయమన్నాడు. నేను రాసేదాకా పక్కనే నిలబడి చూశాడు. సరంగు కానివాడు అధ్యక్షుడిగా ఉండకూడదు గనుక ఆ కుర్చీ కూడా వదిలాడు. అందరూ వద్దని బతిమాలితే ఒక్కటే మాట అన్నాడు. "కూనవరం పిలగాడు మంచిగ అడిగిండు. మీరు రెండేండ్ల కిందనే అడిగితె నేను ఇంకా మంచిగుందును." ఆ సాయంత్రం రేవులో మా అందరికీ టీ తాగించి, తెప్ప మీది మనుషుల దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగి వచ్చాడు. అంత ఉషారుగా ఆయన్ని ఎన్నడూ చూడలేదు, ఏదో బరువు దించుకున్నట్టున్నాడు.

ఇప్పుడు గోదావరి మీద వంతెనలున్నాయి, అడవిలోకంతా రోడ్లు పడ్డాయి, కూనవరానికి లాంచీలో వెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. మీ సంఘం ఏమైందని అడిగినవాళ్లకు రోడ్లొచ్చి పోయిందని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను, అందరూ నమ్మారు. కానీ రోడ్లు రావడానికి చాలా ముందే, మామయ్య పోయిన తర్వాత, నేను అధ్యక్షుణ్ణయ్యాను. రెండేళ్లన్నది ఆరేళ్లయింది. ఏటా జరిగే పరీక్షలో నా పేరు వచ్చినప్పుడు కుర్రవాళ్లు తలలు వంచుకుని తర్వాతి పేరుకు వెళ్లిపోయేవాళ్లు, ఎంత గౌరవమోనని నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి. ఒక ఏడు నా పేరుతో పాటు ఇంకొకరిదీ వదిలేశారు, మరుసటి ఏడు అసలు సమావేశమే పెట్టలేదు. నన్ను దిగమని ఎవరూ అనలేదు. నేనూ దిగలేదు.