చివరి గది రేడియేటర్

మంచుకొండల నడుమ నారిన్ పట్టణంలో కుల్‌బారా ఇంటి బాయిలర్‌ని కుల్‌బారా తప్ప ఇంకొకరు ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకోనిస్తే కదా. కొడుకు సమత్ గనుల నుంచి ఊరందరికీ లారీలో బొగ్గు తోలతాడు. ఆ సమత్ ఇంట్లో బొగ్గు పార పట్టుకుంటే మాత్రం తల్లి లాక్కునేది.

భర్త ఒరోజ్‌బాయ్ బతికుండగా మందపాటి ఇనుప గొట్టాన్ని కోసి, తన చేత్తో అతికించి చేసిన బాయిలర్ అది. వంటింటి వెనక కొట్లో ఉంటుంది. అందులో కాగిన నీళ్ళు గొట్టాల వెంట గదిగదికీ వెళ్ళి, కిటికీల కింది రేడియేటర్లను వేడెక్కించి మళ్ళీ వెనక్కి వస్తాయి. పొద్దున్నే బూడిద దులిపి, కాలి గడ్డకట్టిన చిట్టెం ఏరేసి, తడిపిన సన్నబొగ్గు పైన కప్పి, గాలి తలుపుకి కాస్త సందు వదిలితే సాయంత్రం దాకా దానివైపు చూడనక్కర్లేదు. ఈ పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు వీధిలో లేరు. ఆమె వంక పెట్టనివాళ్ళూ లేరు.

తనకున్న ఒక అలవాటును మాత్రం ఆమె ఏనాడూ వంకగా ఎంచలేదు. చివరి గది రేడియేటర్‌కి మొగుడి చేత చిన్న కుళాయి పెట్టించుకుంది. గిన్నెలు తోమడానికీ, నేల తుడవడానికీ వేడినీళ్ళు అందులోంచే పట్టేది. వీధిలో ఆడవాళ్ళంతా చేసేదే. కాగిన నీళ్ళు ఇంట్లోనే తిరుగుతుంటే మళ్ళీ పొయ్యి మీద కాచుకునేదెవరు? తగ్గినన్ని చన్నీళ్ళు బకెట్‌తో తెచ్చి గొట్టాలకు నీళ్ళందించే అటక మీది తొట్టిలో పోస్తే సరిపోయేది.

ఈ చలికాలం ఆ గదిలో కోడలు బెగిమాయ్, పాలు తాగే మనవడు ఉన్నారు. జనవరి వచ్చేసరికి అక్కడి రేడియేటర్ పైసగం చల్లబడింది. కొట్లో బాయిలర్ కుతకుతలాడుతుంటే ఇక్కడ పిల్లాడికి ముక్కు కారడం మొదలైంది.

"కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కమన్నానా లేదా?" అంది కుల్‌బారా.

"కుక్కాను అత్తమ్మా," అంది కోడలు.

"నువ్వు కుక్కితే చలి ఎలా వస్తుందే, తలుపు కొట్టి వస్తుందా?"

తల్లీబిడ్డలను తన గదిలోకి మార్చుకుంది. కొన్నాళ్ళకు ఆ గదీ చల్లబడసాగింది. బెగిమాయ్ అన్న ఫోన్ మీద ఫోన్ చేశాడు, చెల్లెల్నీ మేనల్లుణ్ణీ తీసుకుపోతానని. వాళ్ళది లోయలో ఊరు, చలి తక్కువ. పుట్టింటికి వెళ్ళిన కోడలు ఎండలు ముదిరేదాకా కదలదు. ఈలోగా పిల్లాడు ఎవరి మొహం చూసి నవ్వడం నేర్చుకుంటాడో కుల్‌బారాకు తెలుసు. అందుకే బాయిలర్ ఆర్పి ఎవరికైనా చూపిద్దామని సమత్ అన్నప్పుడల్లా, "నిప్పు ఆర్పితే పసివాణ్ణి ఎక్కడ పెడతావురా?" అని గదమాయించేది. గొంతులో ఉన్నది కోపం, గుండెలో ఉన్నది భయం.

ఇక లాభం లేదని సమత్ ఒకరోజు ఆమెకు చెప్పకుండానే వెల్డర్ మామిర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మామిర్ ఒరోజ్‌బాయ్ స్నేహితుడు. రెంచీతో గొట్టం పొడవునా తట్టుకుంటూ వెళ్ళాడు. మొద్దుగా మోగింది.

"లోపలంతా నీళ్ళలోని సున్నం గారకట్టి పూడిపోయింది వదినా. వేలు దూరే సందు కూడా ఉండదు. ఒకసారి నింపిన నీళ్ళు ఏళ్ళ తరబడి అవే తిరగాలి. కొత్త నీళ్ళు పోసినకొద్దీ కొత్త గార, పైగా గాలి చేరుతుంది." చివరి గదికి వెళ్ళి అడుగున తడి ఆరని కుళాయిని చూశాడు. "దీన్ని తిప్పుతున్నది ఎవరు?"

కుల్‌బారా తలగుడ్డ సర్దుకుంది.

"నేనే బాబాయ్," అంది బెగిమాయ్, టీ పోస్తూ. "గిన్నెలకి పట్టుకున్నాను."

"ఈ కాలం కోడళ్ళు! చన్నీళ్ళు తగిలితే చేతులు కందిపోతాయి కాబోలు," అని మామిర్ నవ్వాడు.

బెగిమాయ్ తల వంచుకుని టీ పోసిన పింగాణీ గిన్నె అతనికి అందించింది. పరాయివాళ్ళ ముందు అత్తను చిన్నబుచ్చకపోవడం అక్కడి మర్యాద. కుల్‌బారా కూడా ఒకప్పుడు తన అత్త కోసం ఇలా ఎన్నో నిందలు నెత్తిన వేసుకుంది. వేసుకున్న ప్రతి నిందా లోపల కోపమై మిగిలింది. అత్త పోయిన రోజున కూడా ఆ కోపం పోలేదు. ఈ పిల్లలో అలాంటిది మిగిలిపోతే తను తట్టుకోలేదనిపించింది.

"అది అబద్ధమాడుతోంది మామిర్," అంది. "నిరుడు వచ్చిన పిల్ల గొట్టాలు పూడ్చేస్తుందా? ఇన్నేళ్ళుగా తిప్పుతున్నది నేను. ఆ కుళాయి కోసి పారెయ్."

"కోస్తే సరిపోదు వదినా. బాయిలర్ ఆర్పాలి. నీళ్ళన్నీ వదిలి గొట్టాలు మార్చాలి. మూడు నాలుగు రోజులు ఇంట్లో పసివాడు ఉండకూడదు."

కుల్‌బారా కోడలి వైపు చూడకుండా, "మీ అన్నకి ఫోన్ చెయ్యి," అంది. కొట్లోకి వెళ్ళి పార తీసుకుంది. సమత్ సాయం వస్తే మోచేత్తో నెట్టేసి, నిప్పులన్నీ తనే ఇనుప బకెట్‌లోకి లాగి మంచులో కుమ్మరించింది. మధ్యాహ్నానికి కారు వచ్చింది. మనవణ్ణి తనే దుప్పట్లో చుట్టి ఇచ్చింది. ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

పని అయ్యాక నీళ్ళు నింపి, గొట్టాల్లోని గాలి బయటికి వదిలి, మళ్ళీ నిప్పు రాజేసింది. చివరి గది రేడియేటర్ పైదాకా కాగింది. కుళాయి ఉన్నచోట వెల్డింగ్ మచ్చ మిగిలింది. దానికి వీపు ఆనించి కూర్చుని కోడలికి ఫోన్ చేసింది.

"వేడెక్కింది," అంది.

"చివరిదాకానా అత్తమ్మా?"

"చివరిదాకా." రమ్మని అడిగే మొహం తనకు లేదనుకుంది.

బెగిమాయే అంది: "గిన్నెలు ఎలా తోముతున్నారు మరి?"

"ఎలా ఏమిటే, పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటున్నా."

"అయితే పెద్ద గిన్నె పెట్టండి. ఆదివారం నుంచి పిల్లాడి గుడ్డలు కూడా ఉంటాయి."

కుల్‌బారా సరేనని ఫోన్ పెట్టేసి, ఆ గదిలోనే కూర్చుని కరువుతీరా ఏడ్చింది.