మా కొట్లో దించిన పార్సెల్

మా కుట్టుకొట్టు ముందు ఆ బండి ఆగిందంటే నాకు ఒళ్లు మండేది. పార్సెళ్లు పంచే అతన్ని సందంతా సుడిగాలి అనేవాళ్లం. ఇంజన్ ఆపడు, హెల్మెట్ తీయడు. పగలు ఇళ్లకు తాళాలు కదా! ఇంటివాళ్లనే ఫోన్లో అడిగి ఓటీపీ కొట్టేసి, పార్సెల్ మా బల్లమీద పెట్టి పోయేవాడు. చేతికివ్వకుండా ఇలా చేస్తున్నాడని కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

"ఏమయ్యా, నీ సంతంతా ఇక్కడే దించాలా?" అని కసిరితే నవ్వేవాడు.

"వాళ్లొచ్చేదాకా ఆగితే తర్వాతి ఇంటికి ఆలస్యమైపోద్దక్కా. ఇద్దరు పిల్లల తండ్రిని, కాస్త దయచూడు."

ఆ నవ్వుకు నా కోపం నిలిచేది కాదు, ఏం చేయను!

మా ఆయన కత్తెర పట్టాడంటే వెనకాముందూ చూడడు. ఈమధ్య జనం ఆన్‌లైన్లో గుడ్డ తెప్పించుకుని, ఆ కవరుతోనే కుట్టమని ఇచ్చిపోతున్నారు. అలాంటిదే అనుకుని, సుడిగాలి దించిపోయిన మేడమీది టీచరమ్మ కర్టెన్ల గుడ్డను చొక్కాలకు కత్తిరించేశాడు.

"ఇంతింత పువ్వుల చొక్కా ఎవడు తొడుక్కుంటాడయ్యా!" అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

సంగతి విని సుడిగాలి మెట్టుమీద కూలబడ్డాడు. కాసేపటికి తనే లేచాడు.

"మీ పేరు చెబితే రేపట్నుంచి మీకు బట్టలెవరిస్తారు? దారిలో పడిపోయిందంటాలే."

అలాగే చెప్పాడు. అందకుండానే అందినట్టు ఓటీపీ కొట్టేశాడని టీచరమ్మ కంపెనీకి ఫిర్యాదు చేసింది. తెల్లారేసరికి అతని ఫోన్లో పార్సెళ్ల పని రావడం ఆగిపోయింది.

తెలిసిన వెంటనే మేడెక్కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అయ్యో, నాతో ఒక్క మాట అనొద్దూ!" అంటూ ఆవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఏం లాభం? పని మాత్రం తిరిగి రాలేదు. కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అదే రికార్డు గొంతు. కాళ్లావేళ్లా పడదామన్నా అవతల మనిషంటూ ఉండాలిగా!

తర్వాత కొత్తతను వచ్చాడు. వస్తూనే పార్సెల్ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఎవర్నడిగి పెడుతున్నావ్?" అని లేచాను.

"ఇంతకుముందు చేసినన్న చెప్పాడక్కా. ఇంకెక్కడ పెట్టినా భయమే గానీ, మీ కొట్లో పెడితే ఇంట్లో పెట్టినట్టేనంట."

పార్సెల్ తీసి, మా ఆయన కత్తెరకు అందకుండా లోపల పెట్టాను.